అడ్డంగానా, నిలువుగానా

చిరంజీవి మా ఇంటి పిడుక్కి అమ్మ దీవించి రాసేది ఏమంటే, ఇక్కడ నేను, మీ నాన్న, నువ్వు మా మీద వదిలేసి వెళ్ళిన మూడు పూలకుండీలు అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు వేళకి తిని వేళకి పడుకుంటున్నావని అనుకుంటున్నాను. అనుకోవడం వరకే నా చేతిలో ఉంది కాబట్టి అనుకుంటున్నాను.

మొన్న నేను ఫోన్ చేసి, "ఆ ప్రోగ్రాం ఇంకెవరికీ ఇవ్వకు, ఎందుకో ఉత్తరం రాస్తాను" అన్నాను. నువ్వు "సరే" అన్నావు. నీ దగ్గర ఎన్ని రకాల "సరే"లు ఉన్నాయో కన్నదాన్ని నాకు తెలీదా? అది మొహం మీద తలుపు వేసే "సరే". నీ స్నేహితురాలి ల్యాబుకి, వాళ్ళకి తెలిసిన ఇంకో ల్యాబుకి కూడా దాన్ని ఇస్తున్నానని నువ్వు ఎంత సంబరంగా రాశావో, ఆ ఉత్తరం ఇప్పుడు నా ముందే ఉంది. అమ్మకి నా పని నచ్చలేదు అని నువ్వు ముడుచుకుపోయి ఉంటావని నాకు తెలుసు. అదేదో ఫోన్లోనే చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో మనిద్దరం ఏనాడైనా ఒకరి మాట ఒకరిని పూర్తి చేయనిచ్చామా? నీ హాస్టలు రోజుల నుంచీ పెద్ద విషయాలకి ఉత్తరమే మన పద్ధతి. కాగితం మధ్యలో "అది కాదమ్మా" అనదు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. మీ నాన్న మోకాలు పర్వాలేదు. డాక్టరు నడవమన్నారు, ఈయన తన రిపేరు దుకాణం దాకా నడిచి, అక్కడ స్టూలు మీద కూర్చుని, ఫ్యాన్లు విప్పుకుంటూ మధ్యమధ్యలో పేపర్లో గళ్ళ నుడికట్టు నింపుతున్నారు. దాన్ని నడక అంటున్నారు. నా కళ్ళద్దాలు మార్చాను, కొత్తవాటితో ఇంట్లో దుమ్ము కూడా బాగా కనిపిస్తోంది, ఆ సుఖం కాస్తా పోయింది. కుక్కర్ రబ్బరు మార్చావా అని అడిగావు. మార్చాను. ఇప్పుడది మూడు వీధులకి వినపడేలా కూత పెడుతోంది. నీ కుండీల్లో రెండు చిగురు వేశాయి, మూడోది నీలాగే మొండికేసింది.

ఇక నాలుగో ప్రశ్న. "నా ప్రోగ్రాం ఎలా పనిచేస్తోంది?"

నీకు తెలిసినదే అయినా మొదటి నుంచీ రాస్తాను. మీ నాన్న నా భుజం మీద నుంచి తొంగి చూస్తున్నారు, ఆయనకీ అర్థం కావాలి. మా ల్యాబులో జబ్బులు పరీక్షించే ప్లేటు అరచేయంత ఉంటుంది. అందులో తొంభై ఆరు చిన్న గుంటలు. అడ్డంగా పన్నెండు, నిలువుగా ఎనిమిది. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి నమూనా వేస్తాం. జబ్బు ఆనవాలు ఉన్న గుంట మెషీన్ లోపల మెరుస్తుంది, లేనిది ఊరుకుంటుంది. మెషీన్‌కి మెరుపు తెలుసు గానీ మనిషి తెలీదు. ఫలానా గుంట ఫలానా వాళ్ళదని కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్‌కి మనమే ముందుగా చెప్పుకోవాలి. ఇన్నేళ్ళూ ఆ పేర్లు, నంబర్లు గడి గడికీ నేనే కొట్టేదాన్ని. సాయంత్రానికి కళ్ళమ్మట నీళ్ళు కారేవి. ఆ సంగతి విని నువ్వు నీ ఆదివారాలు పాడు చేసుకుని ప్రోగ్రాం రాశావు. మా గుమస్తా గారి జాబితా దానికి ఇస్తే చాలు, ఒక్క నొక్కుతో పేర్లన్నీ వాటి వాటి గుంటల్లోకి వెళ్ళి కూర్చుంటాయి. "ఇక నీ కళ్ళకి పెన్షన్ అమ్మా" అన్నావు.

ఇప్పుడు ఒక చిన్న నిజం చెప్పాలి. "బ్రహ్మాండంగా ఉంది, రోజూ వాడుతున్నాను" అని రెండు నెలల పాటు చెప్పాను చూడు, అది అబద్ధం. ల్యాబులో అందరికీ "మా అమ్మాయి రాసింది" అని చూపించాను. మెషీన్ కంపెనీ మనిషి వస్తే అతనికీ చూపించాను. ఆ తర్వాత తలుపు దగ్గరికి వేసుకుని ఎప్పట్లాగే చేత్తో కొట్టుకున్నాను. భయం కాదు, పొగరు. ఇన్నేళ్ళుగా నేను చేసే పని ఒక్క నొక్కుతో అయిపోతుంటే చూడ్డానికి మనసొప్పలేదు. మీ నాన్నకి మాత్రం చెప్పాను. "కూతురు కొన్న చీర బీరువాలో పెట్టి పాతది కట్టుకున్నట్టుంది నీ వరస" అన్నారు.

ఆ తర్వాత బస్సు డిపోలో పనిచేసే వాళ్ళందరికీ క్షయ పరీక్షలు పెట్టారు. డ్రైవర్లు, కండక్టర్లు, ఆఫీసు వాళ్ళు, వర్క్‌షాపు వాళ్ళు అందరూ వరుసలో నిలబడి నమూనాలు ఇచ్చారు. డబ్బాలు బుట్టలకి బుట్టలు దిగాయి. మా ల్యాబు పెద్ద, అదే మనం గంట మాస్టారు అని పిలుచుకునే ఆయన, గోడ గడియారం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తూ నిలబడ్డారు. నా కొత్త కళ్ళద్దాలు ఇంకా రాలేదు. సరే, ఇంకెందుకు ఈ పొగరు అనుకుని నీ ప్రోగ్రాం తెరిచాను. నొక్కాను. పేర్లన్నీ బుద్ధిగా కూర్చున్నాయి. నిజం చెప్పొద్దూ, ఆ క్షణం నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత హాయిని రెండు నెలలు ఎందుకు దూరం పెట్టానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ ప్లేటులో మనుషుల నమూనాల్లో ఒకే ఒక్కటి మెరిసింది. అది ఒక కండక్టరు పేరు మీద ఉంది. కాగితం మీద సంతకం పెట్టి పంపించాను.

నాలుగైదు రోజులకి ఛాతీ డాక్టరు గారు ఫోన్ చేశారు. "ఏమ్మా, మీ మెషీన్‌కి ఒంట్లో బాగాలేదా? మీరు జబ్బు ఉందన్న మనిషి గుర్రంలా ఉన్నాడు. ఎక్స్‌రే అద్దంలా ఉంది. మీరు లేదన్న ఇంకో మనిషి నా గదిలో కూర్చుని ఆగకుండా దగ్గుతున్నారు. ఇద్దరూ ఆ డిపో వాళ్ళే."

నేనేం చేశానో చెప్తే నవ్వుతావు. తిన్నగా గుమస్తా గారి బల్ల దగ్గరికి వెళ్ళి ఆయన మీద పడ్డాను. డబ్బాల మీద చీటీలు తారుమారు చేశారని, మధ్యాహ్నం కునుకు తీస్తూ అంటించారని నానా మాటలూ అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నా కోసమే పుట్టింది. పాపం ఆయన డబ్బాలన్నీ మళ్ళీ ఒకటొకటిగా సరిచూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు ఆ ఇద్దరి నమూనాలూ తీసి మళ్ళీ వేశాను. కండక్టరుది మెరవలేదు. ఆ రెండో మనిషిది మెరిసింది. ఆ రెండో మనిషి ఎవరో నీకు కూడా రాయను, రాయకూడదు.

పాత ప్లేటు బొమ్మ తెర మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏ పేరు ఏ గుంటలో ఉందో చూస్తూ, నా చేయి ఆ రోజు ఎలా కదిలిందో గాల్లో కదుపుతూ చూసుకున్నాను. నా చేయి పై నుంచి కిందికి వెళ్తోంది. తెర మీద పేర్లు ఎడమ నుంచి కుడికి వెళ్తున్నాయి.

అంతే తల్లీ. ఏమండీ, మీరూ వినండి. ఆ మెషీన్లో వేసే ముందు నమూనాలు శుభ్రం చేసేది ఎనిమిదేసి గొట్టాల పట్టీల్లో. వాటిని ఎత్తి పోసే పిపెట్‌కి ఎనిమిది ముక్కులు. కాబట్టి మా చేయి నిలువుగానే దిగుతుంది, ఒక వరుస నిండాక పక్క వరుసకి జరుగుతుంది. నీ ప్రోగ్రాం ఏమో పుస్తకం చదివినట్టు అడ్డంగా పేర్లు నింపుకుంటూ పోయింది. నువ్వు కంప్యూటర్ల మనిషివి, లోకం అంతా అడ్డంగానే చదువుతుంది, నీ తప్పేముంది?

మరి అంత పెద్ద తేడా నాకెందుకు కనపడలేదని అడుగుతావు. మాకు ప్రతి ప్లేటులో ఇద్దరు కాపలాదార్లు ఉంటారు. మొదటి గుంటలో తప్పకుండా మెరవాల్సిన నమూనా, చివరి గుంటలో ఎప్పటికీ మెరవకూడని నీళ్ళు. ఆ రెండూ సరిగ్గా ఉంటే ప్లేటు సరిగ్గా ఉన్నట్టే అని మా నమ్మకం. మీ నాన్న గళ్ళ నుడికట్టులో ఒకటి అడ్డానికీ ఒకటి నిలువుకీ మొదటి గడి ఒకటే కదా? ఇదీ అంతే. తొంభై ఆరు గుంటల్ని అడ్డంగా లెక్కపెట్టినా నిలువుగా లెక్కపెట్టినా చోటు మారనివి రెండే రెండు, మొదటిదీ చివరిదీ. కావాలంటే కాగితం మీద గీసి చూడు. సరిగ్గా ఆ రెండు చోట్లా మా కాపలాదార్లని నిలబెట్టి, మధ్యలో ఇల్లంతా తలకిందులైనా వాళ్ళు సలాం కొడుతుంటే నేను నమ్మాను. అదే సగం ప్లేటు అయ్యుంటే పేరు లేని గుంటలో నమూనా, నమూనా లేని గుంటలో పేరు కనిపించి అప్పుడే దొరికిపోయేది. నిండు కుండ తొణకదంటారు. నిండు ప్లేటు కూడా తొణకలేదు.

వరుసలో ఆ ఇద్దరి మధ్య నిలబడింది ఇద్దరే మనుషులు. అంత దగ్గరలో ఉన్న వాళ్ళ జబ్బుని ఒకరిది తీసి ఒకరికి ఇచ్చాం.

ముందు ఆ రెండో మనిషికి కబురు పంపి, డాక్టరు గారి చేత మందులు మొదలు పెట్టించాం. ప్లేటు మొత్తం కాగితాలు మళ్ళీ సరిగ్గా రాశాను, మిగతా వాళ్ళకి ఫలితం మారకపోయినా సరే. ఆ తర్వాత గంట మాస్టారి గదిలో పంచాయితీ. ఆయన, డాక్టరు గారు, గుమస్తా గారు, నేను. ఇంతవరకూ రాసినదంతా రాయడానికి నాకు కష్టం కాలేదు. ఇప్పుడు రాయబోయేదాని కోసమే నిన్నటి నుంచి ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

"ఆ ప్రోగ్రాం ఎవరు రాశారమ్మా?" అని మాస్టారు అడిగారు.

అందరికీ తెలుసు ఎవరు రాశారో. నేనే టాంటాం వేశాను. అయినా నా నోటితో చెప్పించాలని అడిగారు. నేను, "మా అమ్మాయండీ. చిన్నపిల్ల, దానికి మన పనేం తెలుసు? తప్పు రాసేసింది" అన్నాను.

నేను అన్న మాటలన్నీ మింగి కూర్చున్న గుమస్తా గారు తలెత్తి, మెల్లిగా, "పాపం పిల్ల, ఎలా నింపుతారని మిమ్మల్ని అడగలేదా మేడం?" అన్నారు.

"లేదండీ. అడగలేదు" అన్నాను.

అడిగావు. నువ్వడిగిన సంగతి ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే అడగలేదన్నాను. నీకు జ్వరం వస్తే రాత్రంతా ఎత్తుకుని తిరిగిన మనిషినే నేను, నలుగురి ముందు కుర్చీలో నా పరువు కాపాడుకోవడానికి నిన్ను ముందుకు తోసేశాను. ఇది చదివి నీకు ఎంత కోపం వచ్చినా రానీ. దాచుకోకు.

ఆ సాయంత్రం డాక్టరు గారి నర్సుతో కలిసి ఆ కండక్టరు ఇంటికి వెళ్ళాను. నన్ను వెళ్ళమని ఎవరూ అనలేదు. రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వరండా. వరండాలో మంచం, మంచం కింద విడిగా ఒక పళ్ళెం, ఒక గ్లాసు. కిటికీకి లోపలి వైపు మూడేళ్ళ పిల్ల, బయటి వైపు వాళ్ళ నాన్న. ఆ పిల్ల పాత టికెట్లు ఊచల్లోంచి ఒకటొకటే బయటికి తోస్తోంది. "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని వాళ్ళ నాన్న మాటే ఆయనకి అప్పజెప్తోంది. ఆయన మాస్కు కట్టుకుని, ఒక అడుగు అవతల నిలబడి చేయి చాపి టికెట్లు అందుకుంటున్నాడు.

నర్సు విషయం చెప్పింది. ఆయన కంటే ముందు ఆయన భార్య గడపలోకి వచ్చింది. కుట్టుపని చేస్తుందనుకుంటాను, మెడలో టేపు వేలాడుతోంది.

"ఈయనకి లేదంటే మరి ఆ జబ్బు ఎవరిది? వాళ్ళకి చెప్పారా?" అంది.

నేను తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్ళాను గానీ ఈ ప్రశ్నకి సిద్ధంగా లేను. "చెప్పామమ్మా. పొద్దున్నే చెప్పాం. మందులు కూడా మొదలుపెట్టారు. పేరు మాత్రం అడక్కు" అన్నాను.

"పేరు నాకెందుకు. చెప్పారు కదా, చాలు" అంది. అప్పుడు వచ్చింది కోపం. "ఇన్నాళ్ళు ఈయన చలిలో బయట పడుకున్నారండీ. పిల్ల నాన్న కావాలని ఏడిస్తే నేను చెయ్యి చేసుకున్నాను కూడా. పక్కింటి వాళ్ళు మా కుళాయి దగ్గరికి రావడం మానేశారు. ఇది ఎవరు చేసిన తప్పు?"

మాస్టారి గదిలో అన్న మాట ఇక్కడ అనలేకపోయాను. కొట్టిన చెయ్యి తనదేనని మొహం మీద చెప్పిన ఆడదాని ముందు నిలబడి, నా కూతురు చేసిందని ఎలా అంటాను?

"నేను చేశానమ్మా. సరిచూసుకోకుండా సంతకం పెట్టింది నేనే" అన్నాను.

ఆవిడ, "సరే, కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను" అని లోపలికి వెళ్ళింది. ఆయన మాస్కు తీసి జేబులో పెట్టుకుని గడప దాటబోయాడు. పిల్ల చేతులు అడ్డం పెట్టి, "టికెట్!" అంది. ఆయన తన చేతిలోని టికెట్ల కట్టంతా దాని చేతిలో పెట్టాడు. అప్పుడు గానీ లోపలికి రానివ్వలేదు.

మర్నాడు నేను మాస్టారి గదికి వెళ్ళి, గుమస్తా గారిని కూడా పిలిపించి, "మా అమ్మాయి అడిగిందండీ. నేనే జవాబు చెప్పలేదు. నిన్న మీతో అబద్ధమాడాను" అన్నాను. గుమస్తా గారికి క్షమాపణ కూడా చెప్పుకున్నాను. ఆయన, "నేను మధ్యాహ్నం కునుకు తీసే మాట మాత్రం నిజమేలెండి" అన్నారు. మాస్టారు గడియారం వైపు చూడకుండా ఒకరి మాట వినడం నేను చూడటం అదే మొదలు. కొంతకాలం పాటు నేను ఒంటరిగా ప్లేటు వేయకూడదని, పక్కన ఇంకొకరు చూడాలని ఆర్డరు వేశారు. నాకంటే తర్వాత చేరిన వాళ్ళ ముందు తల దించుకుని చేస్తున్నాను. కష్టంగానే ఉంది. నీ ప్రోగ్రాం పక్కన పెట్టమన్నారు గానీ పారేయమనలేదు. సరిచేసి తెస్తే అందరం కలిసి పరీక్షించి చూద్దామన్నారు. కాపలాదార్లు మూలల్లోనే ఉంటే చాలదని, మధ్యలో ఎక్కడో మూడో వాణ్ణి కూడా నిలబెడదామని నేను అడిగాను, ఒప్పుకున్నారు.

కాబట్టి నీ ప్రోగ్రాం ఇంకా ఎవరికీ ఇవ్వకు అన్నది అది బాగాలేదని కాదు. ఆ ల్యాబుల్లో ఎవరి చేయి ఎటు కదులుతుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ముందు వాళ్ళని అడుగు. వాళ్ళు విసుక్కుంటే మళ్ళీ అడుగు. సెలవు దొరికితే ఒక్క పూట వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చో. నేను ఏం చేస్తానో ఇన్నేళ్ళలో నీకు నేను ఒక్కసారీ చూపించలేదు. అమ్మ ల్యాబుకి వెళ్తుంది, వస్తుంది, అంతే నీకు తెలుసు. ఎలాగూ నా పక్కన ఒకరు కూర్చుని చూడాలని ఆర్డరు ఉంది, అది నువ్వైతే నాకు సిగ్గుగా ఉండదు.

నువ్వు ఆ రోజు ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. కుక్కర్ పాత రబ్బరుతో బుస్సుమని ఆవిరి కక్కుతోంది. "అమ్మా, ఒక్క మాట. గుంటలు అడ్డంగా నింపుతావా, నిలువుగా నింపుతావా?" అన్నావు. "ఏదో ఒకటిలేవే, అన్నీ నిండుతాయి కదా, పొయ్యి మీద పని ఉంది" అని పెట్టేశాను.

నిలువుగా నింపుతాను తల్లీ. పై నుంచి కిందికి, ఎనిమిదేసి గుంటలు. ఒక వరుస నిండాక కుడివైపు జరుగుతాను. ఇంకా ఏమేం అడగాలో అన్నీ అడుగు. పొయ్యి కట్టేసి కూర్చున్నాను.

ఇట్లు,
నీ అమ్మ